పిల్లిపిల్ల ఇంటికొచ్చింది: ఏ సూది ఎప్పుడు, ఏ మందు ఎంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొత్తగా తెచ్చుకున్న పిల్లిపిల్లల గురించే. ఒకే సందేహం చాలామందికి ఉన్నచోట ఒక ఉత్తరాన్నే తీసుకుని, మిగతావారి వివరాలను కూడా దృష్టిలో పెట్టుకుని మా పశువైద్యులు జవాబిచ్చారు.

*

డాక్టర్ గారూ, నెల కిందట తెలిసినవాళ్ల దగ్గర నుంచి పిల్లిపిల్లను తెచ్చుకున్నాం. అప్పటికి రెండు నెలలది అన్నారు. తెచ్చిన రోజే ఒక క్లినిక్‌లో ట్రైక్యాట్ (మూడు జబ్బులకు కలిపి వేసే టీకా) సూది వేయించాం. నెల తర్వాత ఇంకొకటి వేస్తే చాలన్నారు. మరో డాక్టరు మొత్తం మూడు పడాలంటున్నారు. రేబీస్‌ది మళ్లీ వేరేనట. గడప దాటని పిల్లికి ఇన్ని సూదులు అవసరమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సూదులు రెండా మూడా అన్న లెక్క పక్కన పెట్టండి. ఆఖరి సూది పడేనాటికి పిల్లకు 16 వారాలు నిండాయా లేదా అన్నదే అసలు సంగతి.

పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో తల్లి ఒంట్లోని యాంటీబాడీలు, అంటే జబ్బులతో పోరాడే పదార్థాలు, పిల్లకు చేరతాయి. కొన్ని వారాలపాటు పిల్లను కాపాడేవి అవే. చిక్కేమిటంటే, అవి ఉన్నంతకాలం మనం వేసే టీకాను కూడా పట్టనివ్వవు. టీకాలోని వైరస్‌ను సైతం అడ్డుకుని పడేస్తాయి. ఒక పిల్లలో ఎనిమిది వారాలకే ఇవి అడుగంటుతాయి, అదే కాన్పులో పుట్టిన ఇంకో పిల్లలో పదహారు వారాల దాకా మిగిలి ఉండవచ్చు. చూసి చెప్పే వీలు లేదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున వేసుకుంటూ పోయి, 16 వారాలు నిండాక ఒకటి తప్పక పడేలా చూస్తాం. మొదటి రెండూ ఈ మధ్యకాలంలో పిల్లను గాలికి వదిలేయకుండా వేసేవి. ఎక్కువమంది పిల్లల్లో గట్టిగా పట్టేది ఆ ఆఖరిదే. రెండు సూదులు వేయించి, పన్నెండు వారాలకే ఆపేసిన పిల్లికి నాలుగైదు నెలల వయసులో జబ్బు రావడానికి కారణం ఇదే. అప్పుడు టీకా నకిలీది అనుకుంటారు.

మీ పిల్లకు ఇప్పుడు సుమారు 12 వారాలు. కాబట్టి రెండో ట్రైక్యాట్ ఈ వారమే వేయించండి. రేబీస్ కూడా 12 వారాలు నిండాక వేయదగిందే కనుక అదే రోజు వేరే కాలికి వేయించవచ్చు. మూడో ట్రైక్యాట్ మరో నాలుగు వారాలకు. ఒకే రోజు రెండు సూదులు వద్దనుకుంటే రెంటి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉంచండి, వారం తేడాతో వేయించవద్దు. ఆ తర్వాత ఆరు నెలల వయసులోనో, ఏడాది నిండాకో ట్రైక్యాట్ మరొకటి పడాలి. ప్రపంచ చిన్న జంతువుల వైద్యుల సంఘం ఆరు నెలలప్పుడే వేయమంటోంది. 16 వారాల సూది కూడా పట్టని పిల్ల ఏదైనా ఉంటే అది ఏడాది దాకా రక్షణ లేకుండా తిరగకూడదని వాళ్ల ఉద్దేశం. మాకూ అదే సబబు అనిపిస్తుంది. రేబీస్‌కు మన దగ్గర ఏడాదికోసారి వేయించడమే క్షేమం.

తెచ్చుకునేటప్పుడు చెప్పే వయసు నమ్మదగింది కాదు. పళ్లు, తూకం చూసుకోండి. ముందరి చిన్న పళ్లు మూడు నాలుగు వారాలకు వస్తాయి, ఎనిమిది వారాలకల్లా పాలపళ్లన్నీ ఉంటాయి. ముందు పళ్లు ఊడి కొత్తవి వస్తుంటే నాలుగు నెలలు దగ్గరపడ్డట్టు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల నెలకు సుమారు 450 గ్రాముల చొప్పున పెరుగుతుంది. రెండు నెలలది అని చెప్పిన పిల్ల 500 గ్రాములే తూగితే అది నెల దాటినదైనా అయి ఉండాలి, లేదా కడుపు నిండా పురుగులైనా ఉండాలి. దొరికిన పిల్లకు నాలుగు నెలలు దాటాయని పళ్లు చెబితే మూడు అక్కర్లేదు, మూడు నాలుగు వారాల తేడాతో రెండు ట్రైక్యాట్, ఒక రేబీస్ చాలు. మధ్యలో ఒక సూది తప్పిపోయి ఆరు వారాలు దాటితే పాతదాన్ని లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ రెండు వేయడం మంచిది.

ఇక గడప దాటని పిల్లి విషయం. ట్రైక్యాట్ మూడు జబ్బులకు అడ్డం: పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి. వీటిలో మొదటిది ప్రాణం తీసేది. ఆ వైరస్ మన చెప్పులకు, బట్టలకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది, పిల్లి బయటికి వెళ్లనక్కర్లేదు. తక్కిన రెండూ కళ్లు కారడం, తుమ్ములు, నోటిపూత తెచ్చేవి. టీకా వేసినా జలుబు అసలు రాదని కాదు, వచ్చినా తేలిగ్గా పోతుంది.

వేయించేటప్పుడు గమనించాల్సినవి. మన దగ్గర దొరికే నోబివాక్ ట్రైక్యాట్ ట్రియో, ఫెలిజెన్ లాంటివి పొడి సీసా, నీళ్ల సీసా విడివిడిగా వస్తాయి. రెండూ కలిపిన అరగంటలోపు వేసేయాలి. పొద్దున కలిపి పెట్టింది సాయంత్రం పనికిరాదు. పిల్ల చిన్నది కదా అని సగం డోసు వేయడం, ఒక సీసాను రెండు పిల్లలకు పంచడం రెండూ తప్పే. టీకా మోతాదు ఒంటి బరువును బట్టి ఉండదు, 600 గ్రాముల పిల్లకైనా మొత్తం వేయాల్సిందే. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. షాపులో మీరే కొని పాలిథిన్ సంచిలో వేసుకుని ఎండలో తీసుకెళ్లిన టీకా మీద ఆశ పెట్టుకోవద్దు. డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన రేబీస్ టీకా కూడా చెడిపోయినట్టే. సీసా మీది స్టిక్కర్‌ను పుస్తకంలో అతికించి, తేదీ, ఏ కాలికి వేశారో రాయించుకోండి.

కాలు సంగతి ఎందుకంటే, చాలా అరుదుగా సూది వేసిన చోట పిల్లుల్లో కణితి పుడుతుంది. సూది తర్వాత చిన్న గడ్డ కట్టడం మామూలే, కొద్ది వారాల్లో కరుగుతుంది. మూడు నెలలైనా పోకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతూనే ఉన్నా పరీక్ష చేయించాలి. అలాంటిది మెడ వెనక వస్తే తీయడం కష్టం, కాలి కింది భాగంలో వస్తే తేలిక. అందుకే మోకాలి కింద వేయమని అడగండి.

మీ ఊరి పశువుల ఆసుపత్రిలో గేదెలకు, గొర్రెలకు టీకాలుంటాయి గానీ ట్రైక్యాట్ ఉండడం అరుదు. ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. రేబీస్ అయితే జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు వచ్చే వ్యాధుల దినం నాడు, రెండు రాష్ట్రాల్లోనూ పశుసంవర్ధక శాఖ ఉచితంగా వేస్తుంది. మూడు నెలలు నిండిన పిల్లను అక్కడికి తీసుకెళ్లవచ్చు. కుక్కలతో కిక్కిరిసి ఉంటుంది కనుక చేతుల్లో కాకుండా మూత ఉన్న బుట్టలో తీసుకెళ్లండి.

*

సూది వేయించిన రాత్రి మా పిల్ల మెత్తబడిపోయింది, ఒళ్లు కాలుతోంది. మనిషికి వేసే పారాసెటమాల్‌లో పావు ముక్క నలిపి పాలల్లో కలిపి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

వద్దు. పావు ముక్క కాదు, రవ్వంత కూడా వద్దు. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. కిలో బరువుకు పది మిల్లీగ్రాములు కూడా విషమైన సందర్భాలున్నాయి. 500 మిల్లీగ్రాముల బిళ్లలో పావు అంటే కిలో పిల్లకు దానికి పన్నెండు రెట్లు. చిగుళ్లు గోధుమరంగుకో నీలానికో తిరగడం, ముఖం, పాదాలు వాయడం, మూత్రం నల్లబడడం దాని లక్షణాలు. ఇప్పటికే ఇచ్చి ఉంటే గంటలు లెక్కపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందు ఉంది. ఐబూప్రోఫెన్, డైక్లోఫినాక్ జోలికి కూడా పోవద్దు.

టీకా తర్వాత ఒకటి రెండు రోజులు మత్తుగా ఉండడం, కొద్దిపాటి జ్వరం, తిండి తగ్గడం మామూలే. పిల్లి మామూలు వేడే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. 103.5 దాటినా, రోజంతా ఏమీ తినకపోయినా, రెండోరోజు కూడా లేవకపోయినా చూపించండి. సూది వేసిన కాసేపటికే ముఖం ఉబ్బడం, వరసగా వాంతులు, ఊపిరి ఆడకపోవడం మాత్రం అత్యవసరం. ఇవి మొదలైతే సాధారణంగా తొందరగానే మొదలవుతాయి కనుక వేయించాక అరగంట క్లినిక్ దగ్గరే కూర్చోండి. పగలు వేయించుకోవడం కూడా అందుకే మేలు. రాత్రి ఎనిమిదికి వేయించి ఇంటికొచ్చాక ఏదైనా అయితే ఏ తలుపు తడతారు?

*

పిల్లిపిల్ల మలద్వారం దగ్గర తెల్లటి బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నాయి. మా బాబుకు ఇచ్చే ఆల్బెండజోల్ సిరప్ మిగిలి ఉంది. ఎన్ని చుక్కలు వేయాలి? ఒంటి నిండా ఎగిరే పురుగులు కూడా ఉన్నాయి. కుక్కకు వాడే పొడి చల్లవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

రెండింటికీ కాదనే చెప్పాలి. ఆల్బెండజోల్ కొన్ని పిల్లుల్లో ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. పైగా మీరు చూసినవి బద్దెపురుగు ముక్కలు, వాటికి ప్రాజిక్వాంటెల్ అనే మందు కావాలి. ఈ పురుగు గుడ్లు ఎగిరే పేలలో పెరుగుతాయి. పిల్లి ఒళ్లు నాక్కుంటూ ఆ పేనును మింగుతుంది, పురుగు మళ్లీ కడుపులోకి చేరుతుంది. కాబట్టి పేలు పోకుండా ఎన్నిసార్లు నట్టల మందు వేసినా మూడు వారాలకు మళ్లీ మొదటికొస్తారు.

పిల్లుల కోసమే చేసిన బిళ్లల్లో సాధారణంగా 20 మిల్లీగ్రాముల ప్రాజిక్వాంటెల్, 230 మిల్లీగ్రాముల పైరాంటెల్ ఎంబోనేట్ కలిపి ఉంటాయి. నాలుగు కిలోలకు ఒక బిళ్ల, అంటే కిలో పిల్లకు పావు. ఆరు వారాల లోపు పిల్లకు ఇవి వద్దు. దానికి పైరాంటెల్ సిరప్ ఒక్కటే డాక్టరు తూచి ఇస్తారు. తూకానికి వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద గిన్నె పెట్టి పిల్లను కూర్చోబెట్టండి. మనుషుల కాటా మీద ఎత్తుకుని నిలబడి తీసివేసే లెక్క ఇంత చిన్న ప్రాణికి సరిపోదు. అరకిలో అటూ ఇటూ అయితే మోతాదు రెట్టింపవుతుంది.

పొడవాటి సేమ్యా పోగుల్లాంటి తెల్ల పురుగులు వాంతిలోనో విరేచనంలోనో కనిపిస్తే అవి ఏలికపాములు. తల్లిపాల నుంచే వస్తాయి కనుక దొరికిన ప్రతి పిల్లకూ ఉన్నాయనే అనుకోవాలి. రెండు వారాలకోసారి పన్నెండు వారాల వయసు దాకా, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి మందు పడాలి. ఒకసారి వేసి ఊరుకుంటే చాలకపోవడానికి కారణం, మందు పేగులో ఉన్న పెద్ద పురుగులనే చంపుతుంది, ఒంట్లో తిరిగే పిల్ల పురుగులను కాదు. అవి రెండు మూడు వారాల్లో పేగుకు చేరతాయి. మొదటిసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు అదే రోజు మలం చెంచాడు మూతడబ్బాలో తీసుకెళ్లండి. కోక్సీడియా అనే సూక్ష్మజీవి ఉంటే అది సూక్ష్మదర్శినిలోనే తెలుస్తుంది, ఈ బిళ్లలకు లొంగదు.

కుక్కల పొడుల్లో, మెడ మీద వేసే చుక్కల మందుల్లో తరచుగా ఉండే పెర్మెత్రిన్ పిల్లికి నరాల విషం. వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోతాయి. గేదెలకు పట్టించే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ మందులూ వద్దు. వేపనూనె, కర్పూరం రాస్తే సహజమైనవే కదా అంటారు గానీ, ఒంటికి పూసింది పిల్లి నాకేస్తుంది, కర్పూరం దానికి విషమే. చేయాల్సిందేమిటంటే: సన్నపళ్ల దువ్వెనతో రోజూ దువ్వి, దువ్వెనను సబ్బునీళ్లలో ముంచండి. పావుశాతం ఫిప్రోనిల్ స్ప్రే పసి పిల్లిపిల్లలకూ వాడదగింది. గ్లవ్ తొడుక్కున్న చేతి మీద కొట్టి, కళ్లు, నోరు తప్పించి బొచ్చులోకి రుద్దండి. ఎన్నిసార్లు నొక్కాలో డాక్టరును అడిగి తూకం ప్రకారం చేయండి. పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. పిల్ల చిగుళ్లు గులాబీ రంగులో ఉండాల్సింది తెల్లబడితే పేలు రక్తం లాగేసినట్టు, ఇక ఇంట్లో ప్రయత్నాలు చాలించి ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్ల బాగా నీరసంగా, పొట్ట ఉబ్బి ఉంటే ముందు నట్టల మందు వేసి, వారం ఆగి టీకా వేస్తారు. హుషారుగా ఉంటే రెండూ ఒకే రోజైనా పరవాలేదు.

*

మా ఆరేళ్ల బాబును పిల్లిపిల్ల గీరింది, చుక్క రక్తం వచ్చింది. పిల్లకు ఇంకా రెండు నెలలే, ఇంట్లోనే ఉంటుంది, రేబీస్ సూది వేయలేదు. మా అత్తగారు పసుపు, సున్నం పెట్టారు. ఇంత చిన్న పిల్లకు రేబీస్ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

ఉండే అవకాశం తక్కువ, కానీ లేదని చెప్పడానికి వయసు ఆధారం కాదు. మీ దగ్గరకు రాకముందు దాన్ని ఏది కరిచిందో మీకు తెలియదు. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం కనుక ఇక్కడ లెక్కలు వేసుకోవడం తగదు.

పసుపు, సున్నం, కారం ఏదున్నా కడిగేయండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు, గడియారం చూసి కడగాలి. పుండు మీద వైరస్ ఉంటే చాలావరకు అక్కడే పోతుంది. తర్వాత బీటాడిన్ లాంటిది రాయవచ్చు, కట్టు మాత్రం కట్టవద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, టీకా ఉచితం. రక్తం వచ్చిన గీరు మూడో తరగతి కిందికి వస్తుంది. అంటే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా వేయాలి, దాన్ని డాక్టరుకు గుర్తుచేయండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా చర్మంలోకి 0 (మొదలుపెట్టిన రోజు), 3, 7, 28వ రోజుల్లో రెండేసి చోట్ల వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28. పిరుదుకు వేయించవద్దు, అక్కడి కొవ్వులో సరిగా పట్టదు.

పిల్లిని కొట్టి తరమకండి. పది రోజులు ఇంట్లో కట్టుదిట్టంగా ఉంచి చూడాలి. గీరిన రోజున దాని ఉమ్మిలో వైరస్ ఉండి ఉంటే పది రోజుల్లో అది జబ్బుపడి చనిపోతుంది. హాయిగా తిని తిరుగుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి, మిగతా సూదుల సంగతి ఆయన నిర్ణయిస్తారు. పది రోజులు చూశాక మొదలుపెడదాం అనుకోవడమే ప్రమాదం.

*

పోయినేడు తెచ్చిన పిల్లిపిల్ల వాంతులు, విరేచనాలతో మూడు రోజుల్లో చనిపోయింది. పాన్‌ల్యూకోపీనియా అన్నారు. ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగాం. ఇప్పుడు ఇంకొకటి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

ఎన్ని నెలలైందో రాయలేదు. ఆ వైరస్ నేల పగుళ్లలో, పరుపుల్లో, చెక్క సందుల్లో ఏడాది దాకా బతకగలదు. ఫినాయిల్ దాన్ని చంపదు. ఆపైన ఫినాయిల్, డెట్టాల్ లాంటివి పిల్లికే విషం. తడి నేల మీద నడిచి కాళ్లు నాక్కుంటే నోరు పొక్కి, కాలేయం దెబ్బతింటుంది. పిల్లి ఉన్న ఇంట్లో వాటిని వాడడం మానేయండి.

పనిచేసేది బ్లీచింగ్. ముందు నేలను సబ్బునీళ్లతో జిడ్డు, మురికి లేకుండా కడగాలి, మురికి మీద బ్లీచింగ్ పనిచేయదు. తర్వాత తాజా బ్లీచింగ్ పౌడరు లీటరు నీళ్లకు 6 గ్రాములు కలిపి, తేటనీటిని నేల మీద పోసి పది నిమిషాలు తడిగానే ఉంచి, మంచినీళ్లతో కడిగేయండి. ద్రవరూపంలో దొరికే బ్లీచ్ అయితే లీటరుకు 30 మిల్లీలీటర్లు. ఏరోజుది ఆరోజే కలుపుకోవాలి. మూత తీసి ఉంచిన పాత పౌడరులో క్లోరిన్ మిగలదు, వాసన ఘాటుగా లేకపోతే పారేయండి. బాత్రూమ్ యాసిడ్‌తో కలపవద్దు, ఆ పొగ మీ ఊపిరితిత్తులకే దెబ్బ. పాత పిల్లి పరుపు, చెక్క బల్ల, ఇసుక ట్రే కడిగి దాచుకోకుండా పారేయండి.

ఈసారి 16 వారాలు దాటి, ఆఖరి సూది పడి రెండు వారాలైన పిల్లిని తెచ్చుకోండి. ఎనిమిది వారాల పిల్లను మాత్రం ఆ ఇంటికి తేకండి, మొదటి సూది వేయించినా సరే. కారణం మొదటి జవాబులో ఉంది.

ఒకవేళ మళ్లీ ఆ లక్షణాలు కనిపిస్తే: నీళ్లగిన్నె ముందు తల వాల్చి కూర్చుని తాగలేకపోవడం, పసుపుపచ్చ వాంతులు, జ్వరం. కుక్కల్లో పార్వో వైరస్‌ను పట్టే పరీక్ష కిట్‌తోనే పిల్లి మలంలో ఈ వైరస్‌నూ పట్టుకోవచ్చు. మీ క్లినిక్‌లో పిల్లుల కిట్ లేదంటే ఆ మాట చెప్పండి. వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్, వాంతులు ఆపే మందు, తెల్లరక్తకణాలు పడిపోయినప్పుడు సోకే బ్యాక్టీరియాకు యాంటీబయోటిక్, ఇవి ఆపకుండా నడవాలి. మొదటి అయిదు రోజులు గట్టెక్కినవి చాలావరకు బతుకుతాయి. మీకు దగ్గర్లో గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. తిరుపతి, ప్రొద్దుటూరు, గరివిడి, హైదరాబాద్ రాజేంద్రనగర్ కళాశాలల్లోనూ చూస్తారు.

*

మేము శాకాహారులం. పాలు, పెరుగన్నం పెడుతున్నాం. విరేచనాలు తగ్గడం లేదు. ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

ముందు పాలు ఆపండి. తల్లిపాలు మానిన పిల్లికి ఆవుపాలలోని చక్కెర అరగదు, మీ పిల్ల విరేచనాలకు సగం కారణం అదే కావచ్చు. రెండు రోజుల్లో తగ్గకపోయినా, రక్తం కనిపించినా మలపరీక్ష చేయించండి.

పెరుగన్నంతో కడుపు నిండుతుంది గానీ పిల్లి పెరగదు. పిల్లికి టౌరిన్ అనే పోషకం తిండి నుంచే రావాలి, అది మాంసంలో, చేపలో ఉంటుంది. అన్నంలో, పప్పులో లేదు. టౌరిన్ లేకుండా నెలలు గడిస్తే కంటి వెనుక పొర పాడై చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. ఈ గుండె జబ్బుకు టౌరిన్ లోటే కారణమని 1987లో అమెరికాలో తేలాకే కంపెనీలు పిల్లి ఆహారంలో దాన్ని పెంచాయి. క్యారెట్‌లోని పసుపు రంగును మనలా విటమిన్ ‘ఎ’గా మార్చుకోవడం కూడా పిల్లికి చేతకాదు.

ఇంట్లో మాంసం వండలేకపోతే పిల్లిపిల్లల కోసం చేసిన, ప్యాకెట్ మీద సంపూర్ణ ఆహారమని రాసి ఉన్న గుళికలు పెట్టండి. నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, తర్వాత మూడుసార్లు. ఎంత పెట్టాలో ప్యాకెట్ వెనక బరువుల పట్టిక ఉంటుంది. కొత్త తిండిని వారం రోజుల్లో కొద్దికొద్దిగా పెంచుతూ మార్చండి. ఆ ప్యాకెట్ కూడా ఇంట్లోకి రాకూడదు అనుకుంటే పిల్లి కంటే కుందేలు మీకు నయం. ఉల్లి, వెల్లుల్లి పడిన సాంబారన్నం, కూర ముక్కలు పెట్టకండి, అవి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి.

*

వచ్చే ఏడాది జర్మనీ వెళ్తున్నాం. పది వారాల పిల్లి ఉంది. దాన్నీ తీసుకెళ్లాలంటే ఇప్పటి నుంచే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

వరస తప్పితే మొత్తం మళ్లీ మొదలు. ముందు 15 అంకెల ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల) మైక్రోచిప్, అంటే చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్. దాని తర్వాతే, లేదా అదే రోజు చిప్ పెట్టాక, 12 వారాలు నిండిన పిల్లికి రేబీస్ సూది. చిప్ కంటే ముందు వేసిన సూదిని యూరప్ లెక్కలోకి తీసుకోదు, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కాబట్టి రేబీస్ సూదికి ముందే చిప్ పెట్టించండి.

సూది వేసి కనీసం 30 రోజులయ్యాక రక్తం తీసి యూరోపియన్ యూనియన్ గుర్తించిన ల్యాబ్‌కు పంపాలి. యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు, లేదా ఆపైన ఉండాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు. అన్నీ కలిపితే పిల్లికి ఏడు నెలలు వచ్చేదాకా ప్రయాణం కుదరదు. ఫలితం వచ్చాక ఏడాది సూది ఒక్కరోజు ఆలస్యమైనా పరీక్ష మళ్లీ చేయించాల్సి వస్తుంది. చివర్లో ఇక్కడి నుంచి పంపడానికి కేంద్ర జంతు క్వారంటైన్ విభాగం ధ్రువపత్రం తీసుకోవాలి, హైదరాబాద్‌లో వాళ్ల కార్యాలయం ఉంది. అమెరికా వెళ్లేవాళ్లూ రాశారు. అక్కడ పిల్లులకు రేబీస్ పత్రం కేంద్రం అడగదు గానీ రాష్ట్రాలు, విమాన కంపెనీలు అడుగుతాయి, టికెట్ కొనక ముందే కనుక్కోండి.

*

ఆడపిల్లి, నాలుగు నెలలు. ఒక కాన్పు అయ్యాక ఆపరేషన్ చేయిస్తే ఆరోగ్యమంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

నిజం కాదు. ఆరు నెలల లోపు ఆపరేషన్ అయిన పిల్లుల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు 91 శాతం తగ్గిందని 2005లో వచ్చిన పరిశోధనలో తేలింది. కాన్పు కోసం ఆగితే ఆ లాభమే పోతుంది. నాలుగు నెలలకే ఎదకు వచ్చేవి ఉన్నాయి, 63 నుంచి 65 రోజుల్లో ఈనేస్తాయి. కాబట్టి మూడో ట్రైక్యాట్ పడిన రెండు వారాలకు, అయిదు నెలలు నిండేలోపు చేయించండి. తూకం కిలోకు పైన ఉండాలి. ఎద ఆగడానికి ఇచ్చే హార్మోన్ సూదులు, బిళ్లలు వద్దు. గర్భసంచిలో చీము పట్టడం, రొమ్ములు వాయడం వాటితో వచ్చేవే.

పెద్ద పిల్లుల్లాగా రాత్రంతా పస్తు ఉంచకండి, చిన్నవాటికి చక్కెర పడిపోతుంది. మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపితే చాలు, నీళ్లు ఉంచవచ్చు. మెలకువ వచ్చేదాకా వెచ్చగా కప్పి ఉంచాలి. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు. అప్పటిదాకా మెడకు గరాటా పట్టీ తీయవద్దు, పిల్లి జాలిగా అరిచినా సరే, ఒక్క రాత్రి నాకితే కుట్టు విప్పేస్తుంది.